బోర్లించిన మూత

"నిన్ను కొట్టిన్రా?" అని అడిగాను.

"లేదక్కా. కొట్టినా బాగుండు. ఒక్కటే మాట అడుగుతున్రు. రామ్‌దాస్ సారును యాడ పాతిపెట్టినవ్, యాడ పాతిపెట్టినవ్ అని."

పోలీస్ స్టేషన్ గదిలో కూర్చున్న మధుకర్ తల ఎత్తకుండానే చెప్పాడు. నిజామాబాద్‌లో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణం అతనిది. నిన్న పొద్దుటి దాకా నలుగురిలో మర్యాదగా బతికినవాడు. నిన్న పొద్దున బోధన్‌లో, మూతపడ్డ చక్కెర మిల్లు క్వార్టర్స్‌లో ఒక గది తలుపు బార్లా తెరిచి కనిపించింది. గదిలో ఉండాల్సిన రామ్‌దాస్, ఒకప్పటి మిల్లు కంప్యూటర్ ఆఫీసర్, లేడు. ఒక డిస్క్ డ్రైవ్ అంచుకు నెత్తురు అంటి ఉంది. తాళం పగలలేదు. తాళంచెవులు ఉన్నది ఇద్దరి దగ్గరే. ఒకటి డెబ్బై దాటిన రామ్‌దాస్ దగ్గర, ఇంకొకటి ఆయన శిష్యుడు మధుకర్ దగ్గర. ఇంకేం కావాలి? సీఐ నరేందర్‌కు కేసు అక్కడికక్కడే తేలిపోయింది.

నాకు తేలలేదు. రామ్‌దాస్ కూతురు సుమన నిన్న నా ఆఫీసుకు వచ్చి కూర్చుని, "మధుకర్ మా బాపు మీద చెయ్యెత్తడు మేడం. మీరన్నా మా బాపును దేవులాడుండ్రి" అని నా రెండు చేతులూ పట్టుకుంది. నా పేరు రేణుక. పోలీసు ఉద్యోగం చేసీ చేసీ, ఒక రోజు పైఅధికారి మీద ఫైలు విసిరేసి బయటికి వచ్చాను. బస్టాండ్ దగ్గర ఇడ్లీ హోటల్ మీద గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు తగిలించాను. ఉద్యోగం పోయింది గానీ కోపం ఎక్కడికీ పోలేదు.

"తల ఎత్తి మాట్లాడు," అన్నాను. "నువ్వు తప్పు చేసినోని లెక్క కూసుంటే నాకు ఒళ్ళు మండుతది. ఆ మిషన్ల సంగతి చెప్పు. నాకు అర్థమయ్యేటట్టు."

చెప్పాడు. ఆ డ్రైవ్‌లు ఇప్పటివి కావు. ఒక్కొక్కటి బట్టలుతికే మిషనంత ఉంటుంది. అందులో పెట్టే ప్యాక్ అంటే ఒకే ఇరుసుకు గుచ్చిన పెద్ద పెద్ద పళ్లేల దొంతర. దాని మీద ప్లాస్టిక్ మూత. ఒకప్పుడు మిల్లు కంప్యూటర్ చూసిందీ విన్నదీ అంతా ఆ పళ్లేల మీదే రాసిపెట్టేది. మిల్లు మూతపడ్డాక తుక్కు కింద అమ్మేస్తుంటే రామ్‌దాస్ రెండు డ్రైవ్‌లనూ, మూడు మంచి ప్యాక్‌లనూ, విడిభాగాల కోసం పనికిరాని ఇంకొకదాన్నీ తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి వాటిని కడిగి, తుడిచి, పాడైనవి మార్చి, ఈ వారమే తిప్పి చూడాలనుకున్నాడు. దసరా నాడు ఆ మాట ఊరంతా చెప్పాడు కూడా.

చెప్పకుండా ఉండాల్సింది. ఎందుకంటే ఆ మూడింటిలో ఒకటి బాయిలర్ పేలిన రాత్రిది. ఆ రాత్రి మిల్లులో నలుగురు కాలి చచ్చిపోయారు. బాయిలర్ దగ్గర డ్యూటీలో ఉన్న భీమన్న నిద్రపోయాడు, అందుకే పేలింది అని మిల్లు తేల్చింది. చచ్చిన నలుగురిలో భీమన్న ఒకడు, ఇక కాదనేవాడెవడు? ఒత్తిడి పెరుగుతుంటే మోగాల్సిన అలారాన్ని ఎవరు ఆపేశారో ఆ ప్యాక్‌లో ఉంటుందని రామ్‌దాస్ నమ్మకం.

భీమన్న మధుకర్ తండ్రి.

"నరేందర్ ఏమంటుండో తెలుసా?" అన్నాను. "నువ్వు సారు లేనప్పుడు తిప్పినవట. ప్యాక్ గీసుకపోయిందట. భయపడి దాన్ని రెండో డ్రైవ్‌ల పెడితే అదీ పాయెనట. ఇంకో ప్యాక్ పెడితే అదీ పాయెనట. సారు వచ్చి తిట్టిండు, నువ్వు కొట్టినవ్. అయిపాయె."

"గీసుకపోయిన ప్యాక్‌ను ఇంకో డ్రైవ్‌ల ఎవడన్న పెడ్తడా అక్కా?" ఇప్పుడు తల ఎత్తాడు. "అది అంటురోగం లెక్క. హెడ్డు అంటే రాసింది చదివే ముల్లు, అది పళ్లేనికి ఆనది. నడుమ గాలి పొర మీద తేలుతది. ఆ సందుల బీడీ పొగ గూడ పట్టది. జరంత మరక తగిలిందా, హెడ్డు పోయి పళ్లేన్ని చెక్కుతది. ఆ హెడ్డు కిందికి మంచి ప్యాక్ తెస్తే దాన్నీ చెక్కుతది. ఆ చెడ్డ ప్యాక్ తీస్కపోయి మంచి డ్రైవ్‌ల పెడ్తే దాని హెడ్లు పోతయి. సారు నాకు చెప్పిన మొదటి పాఠమే అది."

"భయంల పాఠాలు యాదికుంటయా?"

"అండ్ల మా బాపు ఉన్నడక్కా!" అని బల్ల మీద గుద్దాడు. "మా అవ్వ సచ్చేదాక తలకాయ దించుకోనే తిరిగింది, మొగడు నిద్రపోయి మందిని సంపిండని. ఆ ప్యాక్‌ను నేను చెడగొట్టుకుంటనా?"

బయట సెంట్రీ తొంగిచూశాడు. నేను చూసిన చూపుకు మళ్ళీ వెనక్కి తగ్గాడు.

"ఆఖరుకు ఏం చేసిన్రు?"

"శనివారం దినమంతా తుడిచినం. మూడు ప్యాక్‌లు. పోగులు రాలని గుడ్డ, స్పిరిటు. చెయ్యి తగలద్దు. సన్నటి పలకకు గుడ్డ చుట్టి, లోపలికెల్లి బయటికి. గుడ్డ తెల్లగ వచ్చేదాక మారుస్తనే ఉన్నం. సాయంత్రం నేను ఇంటికి పోయిన. సారు ఒక్కడే ఉన్నడు."

"మూడూ తుడిచిన్రా?"

"మూడూ తుడిచినం. తుడిచేతప్పుడు గూడ సారుకు పట్టింపే. ప్యాక్ మీదికెల్లి తీసిన మూతను, కింది మూతను ఒకదానికొకటి బిగించి అల్మారల పెట్టాలె. బయట పెడితే అరుస్తడు."

తలుపు చప్పుడైంది. నరేందర్ వచ్చి నిలబడ్డాడు. ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు మూడు, మాటలో వెటకారం ఆరు.

"అయిందా అక్కా పలకరింపు? నాలుగింటికి కోర్టుకు తీస్కపోవాలె."

"శవం లేకుండ హత్య కేసు పెడ్తున్నవా తమ్మీ? హుషారైనవ్."

"కాలువల దేవులాడుతున్నం. దొరుకుతది. రామ్‌దాస్ కింద పనిచేసిన పాత ఆపరేటరును గూడ పిలిపించిన, ఆ మిషన్లు ఎట్ల పాడైనయో ఆయనే చెప్తడు. రా, నువ్వు గూడ విను. మల్ల నాకు చెప్పలేదనద్దు."

*

మిల్లు క్వార్టర్స్ గదిలో కాలిన వాసన ఇంకా పోలేదు. రెండు డ్రైవ్‌ల లోపలా గోధుమరంగు పొడి. మొదటిది ఖాళీగా ఉంది. రెండో దాంట్లో ఒక ప్యాక్ అలాగే ఉంది. మిగతా రెండూ బల్ల మీద తమ మూతల్లో ఉన్నాయి. డ్రైవ్‌లో ఉన్నదాని మూత మాత్రం ఒక మూల, మడతపెట్టిన టవల్ మీద బోర్లించి ఉంది. వంగి చూశాను. టవల్ మీద గుండ్రటి మరకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తడిపిన టవల్ ఆరిన గుర్తులవి.

"దీన్ని ఎవరన్న ముట్టిన్రా?" అని హెడ్ కానిస్టేబుల్ శివకుమార్‌ను అడిగాను.

"లేదు మేడం. ఫోటోలు తీసినం, గంతే."

పాత ఆపరేటర్ పేరు రాజారాం. అరవై దగ్గర పడ్డ మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. మిల్లు పోయాక నిజామాబాద్‌లో పసుపు దుకాణంలో గుమస్తాగా కుదిరాడట. డ్రైవ్‌ల చుట్టూ ఒకసారి తిరిగి, అయ్యో అన్నట్టు తల ఆడించాడు.

"కొత్తోళ్ళు చేసే తప్పే సార్ ఇది. ఒకటి పాడైతే, మిషన్ల తప్పున్నదో ప్యాక్‌ల తప్పున్నదో చూద్దామని మార్చి మార్చి పెడ్తరు. అన్ని పోతయి. మా కాలంల గూడ అయింది ఒకసారి."

"విన్నవా అక్కా?" అన్నాడు నరేందర్.

విన్నాను. బల్ల మీద తుడిచే స్టాండు ఉంది. మధుకర్ చెప్పినట్టే ఒక ప్యాక్‌ను దాని మీద కూర్చోబెట్టి, పిడి తిప్పి మూత లేపాను. పళ్లేల మీద చుట్టూ చెక్కుకుపోయిన గీత, లోపలి అల్యూమినియం తళతళా మెరుస్తోంది. పలకకు కొత్త గుడ్డ చుట్టి, స్పిరిటుతో తడిపి, గీత పడని చోట మెల్లగా తుడిచాను.

"చెయ్యి తగలనియ్యకుండ్రి మేడం," అన్నాడు రాజారాం వెనక నుంచి.

"ఇంకేం మిగిలిందని?" అన్నాను.

గుడ్డ తెల్లగానే వచ్చింది. రెండో ప్యాక్ తుడిచాను. అదీ తెల్లగానే వచ్చింది. శివకుమార్ సాయంతో డ్రైవ్‌లో ఉన్న మూడోదాన్ని బయటికి తీసి తుడిచాను. గుడ్డ పొయ్యి మీది మసిగుడ్డలా నల్లగా వచ్చింది. ఇంకో పళ్లెం తుడిచాను. మళ్ళీ నలుపే.

"పాతవి గదా మేడం, దుమ్ము ఉంటది," అన్నాడు రాజారాం.

నరేందర్ మోచెయ్యి పట్టుకుని బయట వరండా చివరికి లాక్కుపోయాను.

"ఇటు ఇను. శనివారం వాళ్ళు మూడు ప్యాక్‌లు తెల్లగయ్యేదాక తుడిచిన్రు. ఇండ్ల ఒకదానికి ఏండ్ల మురికి ఉన్నది. అంటే ఇది ఆ మూడిట్ల లేదు. మధుకర్ పోయినంక రామ్‌దాస్ అసలుది దాచి, దాని జాగల పనికిరానిది ఇంకోటి పెట్టిండు."

"పెడితే?"

"పెడితే ఏందంటే, ఎవడో కావాలనే అన్నీ నాశనం చేద్దామని వచ్చిండు. చేసినంక తెలిసింది, అసలుది దొరకలేదని. అది యాడున్నదో ఒక్క రామ్‌దాస్‌కే ఎరుక. అందుకే ఆయనను ఎత్తుకపోయిండు. ఆయన నోరు ఇప్పనంతసేపు చంపరు. అర్థమైతున్నదా? ముసలాయన బతికున్నడు తమ్మీ!"

నరేందర్ నవ్వాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

"మసిగుడ్డ చూపెట్టి ముద్దాయిని ఇడిసిపెట్టమంటవా? కోర్టుల ఏం చెప్పాలె, గుడ్డ నల్లగైంది సార్ అని చెప్పాలెనా?"

అంతలో అతని ఫోన్ మోగింది. విన్నకొద్దీ మొహం వెలిగింది. ఫోన్ పెట్టేసి మీసం దువ్వుకున్నాడు.

"నువ్వన్నది నిజమే అక్కా. అసలుది దొరికింది. సుమన ఇంట్ల, అటక మీద. ముసలోని సామాన్లు సోదా చెయ్య పోతే ఇది దొరికింది. జీపుల తెస్తున్నరు."

అతని చెయ్యి పట్టుకున్నాను. "ఆ ముచ్చట ఎవలకూ చెప్పకు. నీకు దండం పెడ్తా. అది దొరికిందని తెలిస్తే రామ్‌దాస్‌తోని వాళ్ళకు పనేమున్నది? ఆ నిమిషమే చంపి పడేస్తరు."

"ఎవలకు చెప్తం? ఈడున్నది మనమే గదా."

*

జీపులో ప్యాక్‌తో పాటు సుమన కూడా వచ్చింది. దాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆదివారం పొద్దుగాల్లనే మా బాపు యాడికి పోయిండో అని ఏడుస్తున్న గని, శనివారం మాపటీలి వచ్చి ఇది పెట్టిపోయిండన్న సోయి లేకపాయె మేడం," అంది. "అన్నం పెట్టే పెద్ద హాట్‌బాక్స్ అనుకున్న. గిన్నెల నడుమ ఉన్నది."

"ఇయ్యి, రాజారాం చూస్తడు," అన్నాడు నరేందర్.

"వద్దు. మధుకర్‌ను పిలిపించు, అతను చూస్తడు," అన్నాను.

"ముద్దాయి చేతికి సాక్ష్యం ఇస్తనా? ఏం మాట్లాడుతున్నవ్ అక్కా?"

రాజారాం అప్పటికే ప్యాక్ అందుకున్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి జేబురుమాలు తీశాడు. నీళ్ళ సీసా వంచి తడిపాడు, పిండాడు, బల్ల మీద పరిచాడు. ప్యాక్‌ను స్టాండు మీద కూర్చోబెట్టి, పిడి తిప్పి మూత లేపాడు. లేపిన మూతను ఆ తడి రుమాలు మీద బోర్లించాడు. కనీసం అటు చూడను కూడా చూడలేదు, చెయ్యి దానంతట అదే ఆ పని చేసింది.

బల్లకు దగ్గరగా జరిగాను.

"మూత గట్ల పెట్టిన్రేంది రాజారాం గారూ?" గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలు పడ్డాను.

"అలవాటు మేడం. మిల్లు నడిచేటప్పుడు పొగగొట్టం నుంచి చెరుకు పిప్పి మసి రాలేది. కంప్యూటర్ రూముల గూడ పడేది. మూత ఎల్లెలకల పెడ్తే లోపల మసి చేరుతది. అందుకే మా ఆపరేటర్లు తడిబట్ట మీద బోర్లిస్తుండె. ఆఫీసర్లు బిగించి అల్మారల పెట్టుమనేది. మాకు షిఫ్టుల అంత టైమేది?" అని నవ్వాడు.

రామ్‌దాస్ ఆఫీసర్. మధుకర్ ఆయన శిష్యుడు. ఇద్దరిలో ఎవరూ మూత బోర్లించరు. శనివారం రాత్రి ఈ గదిలో ఒక ఆపరేటర్ ఉన్నాడు. తలుపు తట్టింది పాత తోటి ఉద్యోగి కాబట్టే రామ్‌దాస్ తాళం తీశాడు.

రాజారాం వంగి, ఇరుసు మీద ఎర్ర రంగుతో వేసిన ప్యాక్ నంబరు చూశాడు. వేలు దాని మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత తాపీగా నిటారుగా నిలబడ్డాడు.

"ఇది ఉత్తదే సార్. దీంట్ల ఏం లేదు. రాయని ప్యాక్."

పళ్లెం మీద ఏం రాసి ఉందో కంటితో చూసి చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

"ఛ!" అన్నాడు నరేందర్.

"ఒక ఫోన్ చేసుకోనొస్త సార్. దుకాణంల అడుగుతరు." రాజారాం వరండాలోకి నడిచాడు. నేను మంచినీళ్ళకన్నట్టు వెనకే వెళ్ళాను. స్తంభం అవతల నిలబడి అతను మరాఠీలో మాట్లాడుతున్నాడు, మెల్లగా, హాయిగా. తెలుగు మనిషికి అర్థం కాదనుకున్నాడేమో. మా అమ్మ పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్. ఎండాకాలం సెలవులన్నీ ఆ భాషలోనే తిట్లు తింటూ పెరిగాను.

"సాపడలం. ఆతా మ్హాతార్‌యాచీ గరజ్ నాహీ."

దొరికింది. ఇంక ముసలోని అవసరం లేదు.

ఆలోచించలేదు. వెనక నుంచి అతని మణికట్టు పట్టి మెలిపెట్టాను. ఫోన్ కింద పడింది. రాజారాం అరవబోతే నోటి మీద అరచెయ్యి వేసి స్తంభానికి అదిమాను. కింద ఫోన్‌లోంచి గడగడమని ఒక పెద్ద చప్పుడు, దాని నడుమ "హలో? రాజా? అరే?" అని ఒక గొంతు. వెంటనే లైను కట్ అయింది.

"అక్కా! పాగల్ అయినవా?" నరేందర్ పరుగెత్తుకొచ్చాడు. శివకుమార్ కూడా వచ్చాడు.

"వీని నోరు మూసి పట్టుకో శివా. కొరికినా ఇడువకు." ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. విన్నది విన్నట్టు నరేందర్‌కు చెప్పాను, మూత సంగతీ చెప్పాను. సుమన గుమ్మంలోనే చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

"ఆ చప్పుడు విన్నవా? పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము. నిజామాబాద్‌ల పుట్టినోనికి ఎవనికైనా తెలుస్తది. పంట రావాలంటే ఇంకా మూడు నెలలున్నది. ఈ దినాలల్ల డ్రమ్ము తిప్పేది ఎవలు తమ్మీ? ముసలాయన ఒర్లితే బయటికి ఇనిపియ్యద్దని ఉత్త డ్రమ్ము తిప్పుతున్నరు. యాడ? జల్ది చెప్పు!"

నరేందర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమాయె?"

"మా మామది తిరుగుతున్నది," అన్నాడు. "నిన్న అడిగిన, ఇప్పుడేం పాలిష్ మామా అని. పాత సరుకున్నది అన్నడు."

"మీ మామ..."

"సిద్దిరాములు. పసుపు దందాకు ముందు గీ మిల్లులనే ఇంజనీరు. బాయిలర్ పేలిన రాత్రి సెలవుల ఉంటి అని చెప్తడు." శివకుమార్ పట్టులో ఉన్న రాజారాం వైపు వేలు చూపించాడు. "రాజారాం ఆయన దగ్గరనే గుమస్తా. ఈయనను పిలిపియ్యి అన్నది గూడ మా మామనే అక్కా. నిన్నటి సంది ఫోన్ మీద ఫోన్ చేసి, కేసు యాడిదాక వచ్చిందల్లుడా అని అడుగుతుండె. నేను చెప్తుంటి."

తిట్టడానికి నోరు తెరిచాను. అతని కళ్ళు చూసి మూసుకున్నాను.

అప్పుడే నరేందర్ ఫోన్ మోగింది. తెర మీద 'మామయ్య' అని ఉంది.

"ఎత్తు," అన్నాను. "ఎత్తకుంటే మీ మామకు సమజైతది. రామ్‌దాస్ బిడ్డ ఈన్నే నిలవడ్డది, చూస్కో. ఇగ నీ ఇష్టం."

నరేందర్ సుమన వైపు చూశాడు. ఆమె చేతులు జోడించలేదు, ఏడవలేదు, అతని మొహంలోకి చూస్తూ ఉంది. అతను స్పీకర్ నొక్కాడు.

"ఆ మామా."

"ఏమాయె అల్లుడా? రాజారాం ఫోన్ మాట్లాడుకుంటనే కట్ చేసిండు." వెనక డ్రమ్ము గడగడ.

"నేనే గుంజుకున్న మామా ఫోన్. డ్యూటీల ఫోన్లేంది అని తిట్టిన." నరేందర్ నుదుటి మీద చెమట కారుతోంది గానీ గొంతు తొణకలేదు. "ఇంకో ప్యాక్ ఒకటి దొరికింది. ముందుగాల చూసి అదే అనుకున్నడట. మల్ల దీపం పెట్టి చూసినంక, తప్పు చూసిన, ఇది ఉత్తది అన్నడు. అసలుది ఇంకా దొరకలే. ముసలోడే ఎక్కన్నో దాచినట్టున్నడు."

అటు డ్రమ్ము తిరుగుతూనే ఉంది. సుమన గోళ్ళు నా భుజంలో దిగబడ్డాయి.

"ఉత్తదా?"

"ఉత్తదే మామా."

సిద్దిరాములు ఫోన్ పక్కకు తీసి గట్టిగా కేకేశాడు. మాకు కాదు, అక్కడ ఉన్న ఇంకెవరికో.

"థాంబ్ రే! అజూన్ నకో!"

ఆగురా, ఇప్పుడే వద్దు. మహారాష్ట్ర పక్కనే ఉన్న బోధన్‌లో పుట్టి పెరిగిన సుమనకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. "ఉన్నడు, మా బాపు ఉన్నడు" అంటూ గడప మీద కూలబడింది.

"సరే అల్లుడా, మాపటికి మాట్లాడ్త" అని ఫోన్ పెట్టేశాడు సిద్దిరాములు.

నరేందర్ ఫోన్ జేబులో వేసుకున్నాడు.

"ఎంతసేపుంటది అక్కా మనకు?"

"రాజారాంతోని మల్ల మాట్లాడాలని ఆయనకు అనిపిచ్చేదాక. జీపు తియ్యి," అన్నాను.

అతను మెట్లు దిగేలోపే నా చేతిలో రాజారాం ఫోన్ మోగడం మొదలైంది.